పదకొండు మంది ప్రార్థన గొలుసు

పందొమ్మిదేళ్ళుగా ఎనిమిది అంతస్తుల రహస్యాలు కడుపులో దాచుకున్న మనిషి, తోడబుట్టినదాని మాట ఒక్కటి నాలుగు రోజులు దాచలేకపోయింది. ఆవిడ మొగుడికి ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఇది. ఆవిడకైతే తలుచుకున్నప్పుడల్లా తన చెంపలు తనే వాయించుకోవాలనిపిస్తుంది. ఒకటి రెండుసార్లు, ఎవరూ చూడకుండా, వాయించుకుంది కూడా.

ఆవిడను అందరూ లిఫ్టక్క అంటారు. పని లిఫ్టు నడపడం. బటన్ నొక్కితే దానంతటది పోయే లిఫ్టులు వచ్చి ఎన్నేళ్ళయిందని మీరు అడగవచ్చు. ఆ ఆఫీసు భవనంలో ఉన్నది పాతకాలపుది. ఇనుప జాలీ తలుపును చేత్తో లాగాలి, చివర జానెడు దూరంలో అది మొరాయిస్తుంది, అప్పుడు మోకాలితో ఒక్క పోటు పొడవాలి. ఎక్కడ పొడవాలో ఆవిడ ఒక్కదానికే తెలుసు. లోపల ఒక స్టూలు, తల మీద చిన్న ఫ్యాను, పక్కన నీళ్ళ సీసా. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ నాలుగడుగుల పెట్టెలోనే ఆవిడ ఉద్యోగం, ఆవిడ లోకం.

లిఫ్టెక్కగానే మనుషులకు లిఫ్టక్క కనిపించడం మానేస్తుంది. మూడో అంతస్తు లాయర్లు ఏ కేసు ఓడిపోబోతున్నారో చెప్పుకుంటారు. ఐదో అంతస్తు పళ్ళ డాక్టరు పెళ్ళాంతో ఫోనులో పోట్లాడతాడు. ఏడో అంతస్తు ఇన్సూరెన్సు ఆఫీసులో ఎవరి ఉద్యోగం ఊడుతుందో, ఊడేవాడికన్నా వారం ముందు ఆవిడకు తెలుస్తుంది. ఒక్క మాట బయటికి పొక్కితే ఒట్టు. మొగుడు ప్రింటింగ్ ప్రెస్సులో పుస్తకాలకు అట్టలు కుట్టే బైండరు. రోజంతా జిగురుతో, దారంతో తప్ప మనుషులతో పని లేదు. అన్నం దగ్గర కూర్చుని బతిమాలతాడు.

"ఒక్కటన్నా చెప్పవే. పేరు చెప్పకు. అంతస్తు చెప్పు చాలు."

"నాకు చెవుడు," అంటుంది ఆవిడ. అంతటితో ఆ ముచ్చట తీరుతుంది.

ఈ గుట్టు చూసే, సంఘంలో పాస్టరు గారి భార్య, అందరూ అమ్మగారు అని పిలిచే ఆవిడ, లిఫ్టక్కను ప్రార్థన గొలుసుకు మొదటి మనిషిగా పెట్టింది. గొలుసు అంటే ఇదీ. ఎవరికైనా కష్టం వస్తే మొదటి ఆవిడకు చెప్పాలి. మొదటి ఆవిడ రెండో ఆవిడకు ఫోను చేసి చెప్పి, ఇద్దరూ కలిసి రెండు నిమిషాలు ప్రార్థించాలి. రెండో ఆవిడ మూడో ఆవిడకు చెప్పాలి. ఇలా పదకొండు మంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు సంఘమంతా ఒక్క కష్టం కోసం మోకరించి ఉండాలి. కాగితం మీద చూస్తే ఎంత బాగుందో.

పనిలో పెట్టి చూస్తే ఒళ్ళు మండిపోతుంది. "ఫలానా సోదరి కొడుకు కోసం ప్రార్థించండి" అంటే ఊరుకుంటారా? "ఎందుకు, ఏమైంది?" "అది నేను చెప్పకూడదు గానీ…" ఆ 'గానీ' తర్వాత ఇరవై నిమిషాలు. ప్రార్థన మాత్రం రెండు నిమిషాలకు ఒక్క క్షణం ఎక్కువ పట్టదు. తోటికోడలి నోటికి అదుపు రావాలని ఒకావిడ, అద్దెకున్నవాళ్ళకు బుద్ధి రావాలని ఒకావిడ. ఒకసారి ఒకరి మోకాలి నొప్పి మొదటి మనిషి దగ్గర బయలుదేరి, పదకొండో మనిషి దగ్గరికి చేరేసరికి ఆవిడ కాలే తీసేశారు. మోకాలి ఆవిడ ఆదివారం రెండు కాళ్ళతో నడిచి వస్తే కొందరు దాన్ని అద్భుతం కింద జమ కట్టేశారు.

ఇదంతా లిఫ్టక్కకు బాగా తెలుసు. ప్రతి బుధవారం స్త్రీల కూడిక నుంచి ఇంటికొచ్చి, మొగుడి ముందు తల బాదుకునేది ఆవిడే. "దేవుడి పేరు చెప్పి ఊరి కబుర్లు!" అని. అందుకే ఆవిడ చేసిన పని మరీ చిరాకు పుట్టిస్తుంది. తెలియక పడ్డవాళ్ళను జాలిపడి లేపవచ్చు. గోతి పక్కన నిలబడి అందరినీ హెచ్చరిస్తూ, తనే అందులో కాలేసిన మనిషిని ఏమనాలి?

జరిగింది ఇది.

ఒక శనివారం మధ్యాహ్నం, ఆఫీసులన్నీ ఒంటిపూటకే మూసేశాక, చెల్లెలు వచ్చింది. చెల్లెలిది కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని, సంఘం మాత్రం అక్కదే. ఎప్పుడూ ఫోను చేయకుండా రాదు. నేరుగా లిఫ్టెక్కి, "పైకి పోనీ అక్కా" అంది. నాలుగో అంతస్తు దాటాక చెప్పింది. రొమ్ములో గడ్డ తగిలిందట. డాక్టరు సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారట. పన్నెండు రోజుల్లో, గురువారం నాడు రిపోర్టు వస్తుందట.

"మీ మరిదికి అది వచ్చాకే చెబుతాను. ఇప్పుడు చెబితే అన్నం మానేసి కూర్చుంటాడు. పిల్లకు అసలు వద్దు, పరీక్షలు నడుస్తున్నాయి. నువ్వు ప్రార్థన చెయ్యి. ఎవరికీ చెప్పకు."

"నా సంగతి నీకు తెలియదా?" అంది లిఫ్టక్క. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కొరుక్కుందో లెక్కలేదు.

లాయరు కేసు ఓడితే ఆవిడకేం? డాక్టరు పెళ్ళాం పుట్టింటికి పోతే ఆవిడకేం? అవన్నీ ఆవిడ మోసిన రహస్యాలు కావు, ఆవిడ పక్కనుంచి పోయిన మాటలు. ఇది మాత్రం గుండె మీద కూర్చుంది. అన్నం తింటుంటే ఉంది, జాలీ లాగుతుంటే ఉంది. మోకరిస్తే "ప్రభువా" అన్న ఒక్క మాట వచ్చి, ఆ పైన ప్రార్థన సాగలేదు. మూడు రోజులు అలా గడిచాయి.

బుధవారం కూడికలో ఆవిడ పక్కన కన్నీళ్ళ పిన్ని కూర్చుంది. అరవై దాటిన మనిషి. ఎవరి కష్టం విన్నా కళ్ళు చెరువులవుతాయి కాబట్టి ఆ పేరు. గొలుసులో రెండో మనిషి ఆవిడే. పాట మధ్యలో లిఫ్టక్క చెయ్యి పట్టుకుని, "ఏదో భారం మోస్తున్నావమ్మా, నాకు తెలుస్తోంది" అంది. అనగానే కళ్ళ నిండా నీళ్ళు.

మూడు రోజులుగా బిగపట్టుకున్న మనిషికి ఆ నీళ్ళు చూస్తే ప్రాణం లేచొచ్చింది.

"పేరు మాత్రం అడగొద్దు పిన్నీ. ఒక సోదరి ఉంది. నా తోడబుట్టినదాని లాంటిది. రొమ్ములో గడ్డ. ఇంట్లో మొగుడికీ, పిల్లకీ తెలియదు. ప్రార్థన చెయ్యండి, అంతే."

పిన్ని ప్రార్థించింది. ఎంత బాగా ప్రార్థించిందంటే లిఫ్టక్క ఆ రోజు ఇంటికెళ్ళి కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయింది. గొలుసు మాత్రం నిద్రపోలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు విడిచే చోట, గొలుసులో పదకొండో ఆవిడ వచ్చి, లిఫ్టక్క చెల్లెలి కూతురిని గట్టిగా కావలించుకుంది. పిల్లకు పదిహేనేళ్ళు. "అమ్మ గురించి దిగులు పడకు తల్లీ. చదువు మాత్రం ఆపకు. ఇక నాన్నను నువ్వే చూసుకోవాలి," అంది. అప్పటికే చెల్లెలిని పరలోకానికి పంపేసినట్టుంది మహాతల్లి. పిల్ల ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా మెట్లెక్కి వచ్చింది. నాన్న పక్కనే నిలబడ్డ అమ్మను అందరి ముందూ అడిగింది.

"అమ్మా, నీకేమైంది?"

చెల్లెలు కేకలు వేయలేదు. అంతమందిలో లిఫ్టక్కను వెతికి, ఒకసారి చూసి, పిల్లనూ మొగుడినీ తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు డ్యూటీ దిగి లిఫ్టక్క నేరుగా చెల్లెలి ఇంటికి పోయింది. దారంతా సంజాయిషీ కూడగట్టుకుంది. తలుపు తీయగానే మొదలుపెట్టింది.

"నేను పేరు చెప్పలేదే! దేవుడి మీద ఆన!"

"నీకు ఎంతమంది చెల్లెళ్ళక్కా?"

"ప్రార్థన కోసమే కదే చెప్పింది…"

"ప్రార్థన చెయ్యమన్నది నిన్ను. సంఘాన్ని కాదు."

వంటింట్లో స్టవ్వు మీద పాలు పొంగుతుంటే చెల్లెలు వెళ్ళి ఆపి వచ్చింది. మొహంలో కోపం లేదు. అది చూసే లిఫ్టక్కకు భయం వేసింది.

"నిన్నంతా నీ మీద మండిపడ్డాను. పొద్దున మోకరించాక అది దిగింది. క్షమించాను, నిజంగానే. కానీ గురువారం రిపోర్టులో ఏమొస్తుందో నీకు చెప్పనక్కా. ఇంకెప్పుడు చెబుతానో కూడా తెలియదు."

లిఫ్టక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు తనదే అని తెలిసి కూడా ఎక్కింది. అలా ఎక్కినందుకు ఇంకా ఎక్కింది. ఇంటికొచ్చి సంచి విసిరికొట్టింది.

"క్షమించానంటుంది, చెప్పనంటుంది! దాస్తే అదేం క్షమాపణండీ? బైబిల్లో ఏ వాక్యంలో ఉంది?"

బైండరు దారానికి మైనం రాస్తూ తల ఎత్తలేదు. "కోపం లేదని చెప్పింది. నమ్మకం ఉందని చెప్పలేదు. రెండూ ఒకటే అని నీకెవరు చెప్పారు?"

ఆవిడ గిన్నెలు తోమడానికి పోయింది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో గిన్నెలు తళతళలాడాయి.

మంగళవారం పొద్దున్నే పాస్టరు గారి ఫోను. సంఘంలో అంతా ఆయన్ను అయ్యగారు అంటారు. మంచి మనిషి, కాకపోతే ఏదైనా చెడితే ఆదివారం లోపల బాగుచేయాలన్న తొందర. "అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఈ ఆదివారం ప్రభువు బల్ల రొట్టె విరిచే ముందు, సంఘం ఎదుట చేతులు కలపండమ్మా. అందరికీ సాక్ష్యంగా ఉంటుంది," అన్నారు.

నిజం చెప్పాలంటే ఆవిడకు నోరూరింది. అందరి ముందూ చెయ్యి చాపితే చెల్లెలు కాదనలేదు. కావలించుకోక తప్పదు. కావలించుకున్నాక రిపోర్టు దాచడం ఎలా కుదురుతుంది? అంతా ఒక్క పూటలో తేలిపోతుంది. "సరే అయ్యగారూ" అనబోయి, చెల్లెలి మొహం గుర్తొచ్చింది. ఆదివారం, అంతమంది కళ్ళ మధ్య నిలబడ్డ మొహం. మళ్ళీ దాన్నే, ఈసారి వేదిక ఎక్కించి నిలబెట్టాలా?

"వద్దండి అయ్యగారూ. అది నాకు బాగుంటుంది. దానికి బాగుండదు."

సంఘంలో చేరిన నాటి నుంచి అయ్యగారికి ఆవిడ వద్దని చెప్పడం అదే మొదటిసారి. అన్న మాట వెనక్కి తీసుకోలేదు. అదే ఊపులో, అమ్మగారికి ఫోను ఇప్పించుకుని, తనను గొలుసులోంచి తీసేయమంది. "మొదటి మనిషి లేకపోతే గొలుసు తెగిపోతుందమ్మా," అని ఆవిడ వాపోయింది. "తెగనివ్వండి," అంది లిఫ్టక్క.

ఆ మధ్యాహ్నమే, అది చాలదన్నట్టు, కన్నీళ్ళ పిన్ని ఆఫీసు భవనానికి వచ్చింది. కింద ఎక్కింది మొదలు ఏడుపే. లిఫ్టులో ఇద్దరు లాయర్లుంటే వాళ్ళు ఎప్పుడూ లేనిది మాటలు మానేసి గోడ వైపు తిరిగారు. వాళ్ళు దిగిపోయాక పిన్ని లిఫ్టక్క రెండు చేతులూ పట్టుకుంది.

"నేను ఒక్కరికే చెప్పానమ్మా. ఆ ఒక్కరికీ ఎవరికీ చెప్పొద్దని చెప్పాను. నా నోరు పడిపోను. నన్ను క్షమించు తల్లీ."

దొంగ ఏడుపు అయితే ఎంత సుఖంగా ఉండేది! నాలుగు మాటలు అని పంపేసేది. అది దొంగ ఏడుపు కాదు. ముక్కు ఎర్రబడింది, పైట తడిసింది, మనిషి నిజంగా కుమిలిపోతోంది. లిఫ్టక్కకు మనసు కరిగింది. సరిగ్గా అప్పుడే పిన్ని కళ్ళు తుడుచుకుని, దగ్గరికి జరిగింది.

"ఇంతకీ రిపోర్టు ఎప్పుడొస్తుందమ్మా?"

గురువారం అన్న మాట లిఫ్టక్క నాలుక చివరకు వచ్చేసింది. ఏం పోయింది, రోజే కదా, రిపోర్టు కాదు కదా. అంత జరిగాక కూడా! తన మీద తనకే రోత పుట్టి నోరు మూసుకుంది. మూసుకుని, ఆ మనిషిని మొదటిసారి నింపాదిగా చూసింది. ఇన్నాళ్ళూ కళ్ళ నీళ్ళు చూసి మనిషిని నమ్మింది. వెలితి ప్రేమలో లేదు. పిన్ని చిల్లుకుండ, నీళ్ళూ నిలవవు, మాటా నిలవదు. తెలిసి తెలిసి అందులో పోసింది ఎవరు?

వివేచన అంటే దొంగబోధకులను పట్టుకునే విద్య అని అయ్యగారు ఏటా ఒక ఆదివారం చెబుతారు. పక్క కుర్చీలో కూర్చుని మన కోసం ఏడ్చే మంచి మనిషి దగ్గర కూడా అది కావాలని ఆయన చెప్పలేదు. చెప్పినా ఆవిడ వినిపించుకునేది కాదేమో. శిష్యరికమంటే ఇన్నేళ్ళూ ఆవిడకు నోరు తెరవడమే, పాట, ప్రార్థన, సాక్ష్యం.

"మీ మీద నాకు కోపం లేదు పిన్నీ. కానీ అది చెప్పను."

"క్షమించానంటూనే దాస్తే అదేం క్షమాపణమ్మా?"

ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకుంది లిఫ్టక్క. ఎక్కడ విన్నదో గుర్తొచ్చేసరికి మొహం కందగడ్డ అయింది. దేవుడికి తీరిక ఎక్కువైందని, తనను ఆటపట్టించడానికి ఈ పెట్టెలోకి దిగాడని విసుక్కుంది కూడా.

"అది క్షమాపణే పిన్నీ. నాకూ నిన్ననే తెలిసింది. మీరు ఆదివారం వచ్చి నా పక్కన కూర్చోండి. ఇద్దరం కలిసి ఏడుద్దాం. మీకన్నా బాగా ఏడ్చే తోడు నాకు దొరకదు. సంగతులు మాత్రం అడక్కండి."

పిన్నికి కొంచెం కోపం వచ్చింది, కొంచెం సంతోషం వేసింది. ఏది ఎక్కువో తేల్చుకోకుండానే కిందికి దిగి వెళ్ళిపోయింది.

బుధవారం సాయంత్రం లిఫ్టక్క చెల్లెలికి ఫోనులో నాలుగు ముక్కలు రాసి పంపింది. మూడుసార్లు రాసి కొట్టేసింది. మొదటిసారి రాసినదాంట్లో క్షమించమని ఆరుసార్లు ఉంది. చివరికి పంపింది ఇది: "రేపు సెలవు పెట్టాను. రమ్మంటే వస్తా. వద్దంటే రాను. ఏమీ అడగను." జవాబు రాలేదు. పొద్దున ఏడింటికి వచ్చింది. "తొమ్మిదింటికి. బయట కూర్చో."

ఆస్పత్రి వరండాలో వరుసగా ఇనుప కుర్చీలు. చెల్లెలూ మరిదీ డాక్టరు గదిలోకి పోయారు. పిల్ల పుస్తకం తెరిచి పెద్దమ్మకు ఒక కుర్చీ ఎడంగా కూర్చుంది. పదిహేను నిమిషాల్లో ఒక్క పేజీ తిప్పలేదు.

"పెద్దమ్మా, లోపల ఏం చెబుతున్నారో నీకు తెలుసా?"

"తెలియదమ్మా."

"తెలిస్తే నాకు చెబుతావా?"

"మీ అమ్మ చెప్పమంటేనే."

పిల్ల నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? ఆ చూపు లిఫ్టక్కకు ముల్లులా దిగింది.

తలుపు తెరుచుకుంది. చెల్లెలు ఫైలు రొమ్ముకు అదుముకుని వచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. మరిది కళ్ళు ఎర్రగా ఉన్నాయి. భయం తీరి ఏడ్చాడో, భయం ముదిరి ఏడ్చాడో చెప్పలేం. ఆయన చీటీ పట్టుకుని మందుల కౌంటరు వైపు పోయాడు. చెల్లెలు అక్క ఎదుట ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ ఫైలు తీసి అక్క ఒళ్ళో పెట్టింది.

"పట్టుకో. మొహం కడుక్కుని వస్తాను."

ఫైలు పలచటి అట్టది. దారపు ముడి వదులుగా ఉంది. లోపలి కాగితం అంచు వేలెడంత బయటికొచ్చి, దాని మీద టైపు చేసిన అక్షరాలు సగం సగం కనిపిస్తున్నాయి. కొంచెం వేలితో ఎత్తితే చాలు. చదవాలని కాదు, ప్రార్థన చేయడానికైనా తెలియాలి కదా అని లోపల ఒక గొంతు మొదలుపెట్టింది. అబ్బ, మళ్ళీ అదే పాట! లిఫ్టక్కకు ఆ గొంతు పీక పట్టుకుని పిసికేయాలనిపించింది. పక్క నుంచి పిల్ల రెప్ప వేయకుండా చూస్తోంది.

ఆవిడ కళ్ళజోడు తీసింది. ఆ అద్దాలు చెల్లెలు అరగదీసి ఇచ్చినవే. మడిచి సంచి అడుగున వేసి, జిప్పు లాగేసింది. అవి లేకపోతే ఆవిడకు ఎదురుగా ఉన్న గోడే మసక. రెండు చేతులూ ఫైలు మీద పెట్టుకుని, ఆ మసక గోడ వైపు తిరిగి కూర్చుంది. ఏం అడగాలో తెలియకుండానే ప్రార్థన మొదలుపెట్టింది. ఈ పన్నెండు రోజుల్లో మొదటిసారి "ప్రభువా" దగ్గర ఆగిపోకుండా సాగింది.

చెల్లెలు తడి మొహంతో వచ్చి నిలబడింది. అక్కను అడగలేదు. కూతురి వైపు చూసింది.

"చూడలేదమ్మా," అంది పిల్ల. "కళ్ళజోడు కూడా తీసేసింది."

చెల్లెలు ఇద్దరి మధ్య ఖాళీగా ఉన్న కుర్చీలో కూలబడి, ఫైలు తీసుకుని ముడి బిగించింది.

"సోమవారం ఇంకో పరీక్ష ఉందక్కా. నువ్వు వస్తావా?"

ఏం పరీక్ష, ఎందుకు, ఇందులో ఏముంది, డాక్టరు ఏమన్నాడు, ఇన్నీ ఒక్కసారిగా గొంతులోకి తోసుకొచ్చాయి. లిఫ్టక్క అన్నిటినీ గుటక వేసింది.

"ఎన్నింటికి?" అంది.